రబ్బరు చుట్లతో ఎగిరే బాల్సా విమానం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

రబ్బరు శక్తితో ఎగిరే, బాల్సా అనే తేలిక కర్రతో కట్టే నమూనా విమానాన్ని ఇంట్లో తయారు చేసుకునే పద్ధతిని, పీ-30 తరగతి నమూనా ఆధారంగా, గత సంచికలో వివరించాం. అమెరికాలో పుట్టిన ఈ పోటీ తరగతిలో విమానం పొడవు గానీ, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్న దూరం గానీ 30 అంగుళాలు మించకూడదు. రబ్బరు లేకుండా విమానం బరువు 40 గ్రాములకు తగ్గకూడదు, రబ్బరు 10 గ్రాములు దాటకూడదు, బజారులో దొరికే ప్లాస్టిక్ ప్రొపెల్లర్‌నే వాడాలి. ఆ వ్యాసం చదివి పని మొదలుపెట్టినవారి నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికివచ్చేవాటిని ఎంచుకొని ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: చేత్తో వదిలితే నా విమానం నిదానంగా జారుతూ చక్కగా నేలకు దిగుతోంది. రబ్బరుకు 200 చుట్లు ఇచ్చినప్పుడూ పద్ధతిగానే ఎగిరింది. 500 చుట్లు ఇచ్చి వదిలితే మాత్రం ముక్కు పైకెత్తి, నిట్టనిలువుగా లేచి, క్షణం ఆగి, తోకమీద వెనక్కు పడుతోంది. ముక్కులో మైనపు ముద్ద పెట్టి బరువు పెంచాను. ఇప్పుడు లేవడం కుదుటపడింది గానీ, రబ్బరు అయిపోగానే ముక్కు కిందకు వేసి నేలను గుద్దుకుంటోంది. ఏం చేయాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందుగా ఆ మైనం తీసివేయండి. చేత్తో వదిలినప్పుడు విమానం బాగా జారుతోందంటే గరిమనాభి (విమానం బరువు తూగే చోటు), రెక్కకూ తోకకూ మధ్య ఉన్న కోణం రెండూ సరిగ్గానే కుదిరాయని అర్థం. కుదిరినదాన్ని కదిపి, వేరొకచోట ఉన్న లోపాన్ని దిద్దాలని చూస్తే మీకు జరిగినట్టే రెండూ చెడతాయి. మీ విమానానికి వచ్చిన ఇబ్బంది రబ్బరు స్వభావం నుంచి వచ్చింది, దాన్ని అక్కడే సరిచేయాలి.

నిండుగా చుట్టిన రబ్బరు తన బలాన్ని సమానంగా పంచి ఇవ్వదు. వదిలిన మొదటి కొద్ది సెకన్లలో ప్రొపెల్లర్‌ను తిప్పే బలం చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ వెంటనే అది బాగా పడిపోయి, చాలాసేపు దాదాపు ఒకే స్థాయిలో నిలిచి, చివర్లో మెల్లగా సన్నగిల్లుతుంది. రబ్బరు విమానం విషయంలో ఎదురయ్యే చిక్కుల్లో సగానికి పైగా ఈ ఒక్క కారణం నుంచే పుడతాయని నా అభిప్రాయం. మొదటి విసురులో విమానం వేగం పెరుగుతుంది. రెక్క మోసే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, వేగం 1.5 రెట్లయితే ఆ బలం 2.25 రెట్లవుతుంది. నిదానంగా జారే వేగానికి కుదిర్చిన విమానానికి అంత అదనపు బలం వచ్చినప్పుడు అది ముక్కెత్తి పైకి దూకుతుంది.

దీనికి విరుగుడు ప్రొపెల్లర్ ఇరుసును కొద్దిగా కిందకు వంచడం. ముక్కు దిమ్మకూ ఫ్యూజిలాజ్‌కూ (విమానం ఒడలికీ) మధ్య, పై అంచు దగ్గర, 0.8 మిల్లీమీటర్ల బాల్సా రేకు ముక్కను ఒకదాన్ని దూర్చండి. దిమ్మ కిందకు వాలుతుంది, దానితోపాటు ఇరుసూ వాలుతుంది. రబ్బరు ఉధృతంగా తిరిగే క్షణాల్లో ఈ వంపు ముక్కును గట్టిగా కిందకు లాగుతుంది, బలం తగ్గేకొద్దీ దాని ప్రభావమూ తగ్గుతుంది, రబ్బరు అయిపోయాక ఏమీ మిగలదు. మైనపు ముద్దకు ఆ గుణం లేదు, అది మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో ముక్కును పట్టుకొని వేలాడుతుంది. రేకు పెట్టాక మళ్లీ 200 చుట్ల నుంచి మొదలుపెట్టి, ప్రతిసారీ కొద్దికొద్దిగా చుట్లు పెంచుతూ చూడండి. అప్పటికీ ముక్కెత్తితే మరో రేకు చేర్చండి.

చుట్లు పెరిగినప్పుడు మీకు ఇంకొక ఇబ్బంది కూడా ఎదురవుతుంది. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది, దానికి ప్రతిచర్యగా విమానం ఎడమకు ఒరుగుతుంది. ఒరుగు ఎక్కువైతే ఎడమకు మెలితిరుగుతూ నేలకు వస్తుంది. ముక్కు దిమ్మకు ఎడమ అంచు దగ్గర ఇలాంటి రేకే ఒకటి పెట్టి ఇరుసును కుడికి తిప్పితే ఆ ఒరుగు అదుపులోకి వస్తుంది. రబ్బరు అయిపోయాక గుండ్రంగా తిరుగుతూ దిగాలంటే చుక్కానిని (తోకలోని నిలువు రెక్కను) ముట్టుకోవద్దు, ఎందుకంటే వేగం ఎక్కువగా ఉన్న మొదటి క్షణాల్లో చుక్కాని వంపు ప్రమాదకరంగా పనిచేస్తుంది. అందుకు బదులు తోకలోని అడ్డ రెక్కను ఒక పక్కకు కొద్దిగా వాల్చండి. దాని ఏ కొస ఎత్తుగా ఉంటే విమానం ఆ వైపుకు తిరుగుతుంది. ఒకసారికి ఒకే మార్పు చేయండి, చేసినదాన్ని కాగితంమీద రాసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి కట్టిన విమానం రబ్బరు లేకుండానే 61 గ్రాములు తూగింది. మీరు 40 గ్రాములన్నారు. కొలతలన్నీ మీ చిత్రం ప్రకారమే ఉన్నాయి. ఇంత తేడా ఎలా వచ్చింది? 20 గ్రాములు అంత పెద్ద లెక్కా?
— ఒక ఉపాధ్యాయురాలు, నిజామాబాద్

జవాబు: పెద్ద లెక్కేనమ్మా. 10 గ్రాముల రబ్బరు కలిపితే చిత్రంలోని విమానం 50 గ్రాములు, మీ అబ్బాయి విమానం 71 గ్రాములు. బరువు 1.42 రెట్లయితే, అదే రెక్కతో గాలిలో ఎత్తు నిలుపుకోవడానికి కావలసిన సామర్థ్యం దాదాపు 1.7 రెట్లవుతుంది. రబ్బరు మాత్రం అదే 10 గ్రాములు.

తేడాలో ఎక్కువ భాగం కర్ర నుంచే వచ్చి ఉంటుంది. బాల్సా ప్రధానంగా ఈక్వడార్ నుంచి వస్తుంది. చాలా త్వరగా పెరిగే చెట్టు కావడంతో ఒక్కొక్క ముక్క ఒక్కొక్క బరువు ఉంటుంది. ఘనపు మీటరుకు 100 కిలోల కర్రా, 200 కిలోల కర్రా ఒకే దుకాణంలో, ఒకే కట్టలో, ఒకే ధరకు దొరుకుతాయి. 1.5 మిల్లీమీటర్ల మందం, 75 మిల్లీమీటర్ల వెడల్పు, 900 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రేకు మొదటి రకమైతే 10 గ్రాములు, రెండో రకమైతే 20 గ్రాములు తూగుతుంది. అందుకే కర్ర కొనేటప్పుడు కొలతతోపాటు బరువు కూడా చూడాలి. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి దగ్గర ఉంటే ప్రతి పుల్లనూ తూచి, దానిమీద పెన్సిలుతో బరువు రాసుకోవచ్చు. బరువైన, గట్టి పుల్లలు ఫ్యూజిలాజ్‌లోని నాలుగు పొడవు పుల్లలకూ, రెక్క పొడవునా బరువు మోసే స్పార్‌కూ వాడాలి. తేలికైనవి తోకకు కేటాయించాలి. రేకును వెలుతురులో తిప్పి చూస్తే కొన్నింటిలో చిన్న చిన్న మచ్చలు మెరుస్తాయి. అడ్డంగా వంచితే వంగకుండా పుటుక్కున విరిగే ఈ రకం రిబ్బులకు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలకు, శ్రేష్ఠం. మచ్చలు లేకుండా నిలువు గీతలతో ఉండే రకం సులువుగా వంగుతుంది కనుక ఒంపు తిరిగిన చోట్ల పైకప్పుగా పనికివస్తుంది.

తోక బరువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తోక గరిమనాభికి 45 సెంటీమీటర్ల వెనక, ముక్కు 15 సెంటీమీటర్ల ముందు ఉన్నాయనుకోండి. తోకలో అనవసరంగా చేరిన ఒక్క గ్రాముకు సరితూగడానికి ముక్కులో మూడు గ్రాముల మైనం పెట్టాలి, అంటే ఒక గ్రాము తప్పు నాలుగు గ్రాములవుతుంది. జిగురు విషయంలోనూ పిల్లలు ఉదారంగా ఉంటారు. ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి, పళ్లు కుట్టుకునే పుల్ల కొసతో అద్దితే చాలు. అతుకు చుట్టూ జిగురు ఉబికి కనిపించిందంటే అది అవసరానికి మించినట్టే.

కట్టిన విమానాన్ని పారవేయనివ్వకండి. తోక ఒక్కటి తేలిక కర్రతో మళ్లీ కట్టించి, ముక్కులోని మైనం ఎంత తగ్గిందో ఆ అబ్బాయి చేతనే తూయించండి.

ప్రశ్న: మా ఊళ్లో బాల్సా దొరకదు. తెప్పించుకుంటే కర్ర ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువవుతోంది. వెదురు, జీలుగు బెండు వాడవచ్చా?
— చేనేత పనివారు, చీరాల

జవాబు: వాడవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని 1871 ఆగస్టులో పారిస్‌లోని తుయిలరీ ఉద్యానంలో ఎగరవేసినప్పుడు అది 11 సెకన్లలో దాదాపు 40 మీటర్లు వెళ్లింది. తోక ముందు అంచును రెక్కకన్నా కొద్దిగా కిందకు వాల్చి అమరిస్తే విమానం తనంతట తానే నిలకడగా ఎగురుతుందని అది చూపించింది, మనం ఈనాటికీ ఆ అమరికనే వాడుతున్నాం. పెనో పద్ధతిలో తయారైన రబ్బరు హెలికాప్టర్ బొమ్మనే 1878లో మిల్టన్ రైట్ తన కొడుకులు విల్బర్, ఆర్విల్‌లకు తెచ్చి ఇచ్చారు. ఆ బొమ్మ బెండు, వెదురు, పలుచని కాగితంతో చేసినది. ఆ అన్నదమ్ములు దాన్ని చూసి పెద్దవి కట్టబోతే, పెద్దదయ్యేకొద్దీ అది ఎగరడం తగ్గిపోయిందనీ, కొలతలు రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు శక్తి కావాలని అప్పట్లో తమకు తెలియదనీ తరువాత వారే రాశారు. వెదురుతో మొదలుపెట్టేవారు చిన్న కొలతలతో మొదలుపెట్టడం అందుకే మంచిది.

వెదురు బాల్సాకన్నా ఎన్నోరెట్లు బరువు, అంతకు మించి గట్టిది. అందుచేత చిత్రంలో 3 మిల్లీమీటర్ల పుల్ల ఉన్నచోట అదే మందం వెదురు పెట్టకూడదు. కణుపు లేని భాగాన్ని చీల్చి, పై పెంకు వైపు మాత్రమే ఉంచుకొని, ఒక మిల్లీమీటరు వరకూ గీసి సన్నం చేయాలి. దీపం సెగమీద వంచితే రెక్క కొసల ఒంపులు అందంగా వస్తాయి, చల్లారాక అలాగే నిలుస్తాయి. జీలుగు బెండు బాల్సాకన్నా కూడా తేలిక, కానీ దానికి లాగుడుకు తట్టుకునే శక్తి లేదు. ముక్కు గుండ్రదనం తీర్చడానికీ, ఖాళీలు నింపడానికీ పనికివస్తుంది, రబ్బరు లాగుడు పడేచోట పెట్టకూడదు. అతుకుల దగ్గర సన్నని దారం చుట్టి పైన జిగురు పూయండి. దారం పని మీకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ప్రశ్న: సార్, నేను సైకిల్ ట్యూబును సన్నగా కత్తిరించి వాడాను. విమానం కొద్దిగా కూడా లేవలేదు. తరువాత రబ్బరు బ్యాండ్లు ముడివేసి వాడితే చుడుతుండగానే తెగి, ఫ్యూజిలాజ్ పక్క పుల్లలు విరిగాయి. ఎలాంటి రబ్బరు కొనాలి, ఎన్ని చుట్లు చుట్టాలి?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: బాబూ, సైకిల్ ట్యూబు గాలిని పట్టి ఉంచడానికి తయారైనది. సాగదీసినప్పుడు మనం పెట్టిన శక్తిలో చాలా భాగాన్ని అది తిరిగి ఇవ్వదు. నీకు కావలసింది నమూనా విమానాల కోసం పట్టీలుగా కోసి అమ్మే సహజ రబ్బరు. 3 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ అయితే ఈ విమానానికి సరిపోతుంది. మంచి రబ్బరు 10 గ్రాములలో సుమారు 100 జౌళ్ల శక్తిని దాచవచ్చు. అదంతా ఎత్తుగా మారగలిగితే 50 గ్రాముల విమానం 200 మీటర్లు పైకి పోవాలి. ప్రొపెల్లర్ జారుడులో, గాలి నిరోధంలో చాలా భాగం పోతుంది గనుక అంత ఎత్తు రాదు, అయినా మిగిలినది తక్కువేమీ కాదు.

పట్టీని ముందుగా సబ్బునీళ్లతో కడిగి, దానిమీద ఉన్న పొడి పోగొట్టి, నీడలో ఆరబెట్టు. కావలసిన పొడవుకు మడిచి, కొసలు గట్టిగా ముడివేసి, రెండు చుక్కల ఆముదం అరచేతిలో వేసుకొని అంతటా రుద్దు. ఆముదం లేకపోతే పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకొని గాటు పడతాయి, తెగడం ఆ గాటు దగ్గరే మొదలవుతుంది. చుట్టే ముందు మూడు నాలుగు రెట్ల పొడవుకు కొన్నిసార్లు నెమ్మదిగా సాగదీసి వదిలితే రబ్బరు కుదురుకుంటుంది.

చుట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు విమానాన్ని పట్టుకుంటే, రెండోవారు రబ్బరు ముందు కొసను చేతితో తిప్పే హ్యాండ్ డ్రిల్ కొక్కేనికి తగిలించి నాలుగైదు రెట్ల పొడవుకు వెనక్కు లాగాలి. అలా లాగి ఉంచే సగం చుట్లు ఇవ్వాలి. మిగిలిన సగం ఇస్తూ, నెమ్మదిగా నడుచుకుంటూ విమానం దగ్గరకు రావాలి. లాగకుండా చుడితే ఇన్ని చుట్లు భద్రంగా పట్టవు. ఫ్యూజిలాజ్ లోపల రబ్బరు చుట్టూ సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి చుట్టి, చివర్లో ఆ గొట్టాన్ని బయటకు తీసేస్తే, రబ్బరు తెగినా పుల్లలు విరగవు. కళ్లకు అద్దాలు తప్పనిసరిగా పెట్టుకో.

ఎన్ని చుట్లన్నది రబ్బరును బట్టి మారుతుంది కనుక, అదే పట్టీ నుంచి ఒక చిన్న ఉచ్చు చేసి, విమానానికి తగిలించకుండా, తెగేదాకా చుట్టి లెక్కపెట్టు. పోగుల సంఖ్య మార్చకుండా ఉచ్చు పొడవు మాత్రమే పెంచితే చుట్లు ఆ నిష్పత్తిలోనే పెరుగుతాయి. తెగిన లెక్కలో నూటికి 80 దగ్గర ఆగిపో. అదే 10 గ్రాముల రబ్బరును ఆరు పోగులకు బదులు నాలుగు పోగులుగా మడిస్తే పొడవు 1.5 రెట్లవుతుంది, చుట్లు 1.8 రెట్లకు పెరుగుతాయి, తిప్పే బలం మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. తేలికైన విమానమైతే నాలుగు పోగులతో ఎక్కువసేపు ఎగురుతుంది, బరువైనది అసలు లేవనే లేవదు. రబ్బరుకు ఎండ పడదు, మే నెలలో మూత ఉన్న డబ్బాలో పెట్టి ఇంట్లో చల్లని మూల దాచు.

ప్రశ్న: రెక్కకు టిష్యూ (పలుచని కాగితం) అంటించి, దాన్ని బిగించే డోప్ అనే వార్నిష్ పూశాను. మరునాటికి ఒక రెక్క మెలితిరిగింది, అక్కడక్కడా తెల్లని మరకలు కూడా పడ్డాయి. రెక్క మళ్లీ కట్టాలా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: అక్కరలేదండీ. తెల్లని మరకలు గాలిలోని తేమ వల్ల వచ్చాయి. ముసురు పట్టిన రోజున, సముద్రపు గాలి వీచే సాయంత్రం డోప్ పూయకుండా, పొడిగా ఉన్న పగటిపూట పలుచగా ఇంకో పూత వేస్తే అవి చాలావరకు పోతాయి. మెలికను ఆవిరితో తీయవచ్చు. కెటిల్ నుంచి వచ్చే ఆవిరి ముందు రెక్కను ఉంచి, మెలికకు వ్యతిరేక దిశలో కొద్దిగా ఎక్కువగానే తిప్పి పట్టుకొని, ఆవిరి నుంచి తప్పించాక పూర్తిగా చల్లారేదాకా అలాగే ఉంచండి. ఇకముందు టిష్యూ మీద నీళ్లు చిలకరించినప్పుడు గానీ, డోప్ పూసినప్పుడు గానీ, రెక్కను చదునైన బల్లకు గుండుసూదులతో బిగించి, కింద చిన్న పుల్లలతో ఎత్తు ఇచ్చి, ఒక రోజంతా కదపకండి. డోప్‌లో సగానికి సగం థిన్నర్, కొన్ని చుక్కల ఆముదం కలిపితే ఆరిన తరువాత లాగుడు తగ్గుతుంది. రెండు రెక్కల కొసల్లోనూ వెనక అంచు సమానంగా కొద్దిగా పైకి లేచి ఉంటే దాన్ని దిద్దవద్దు, కొసలు ముందుగా పట్టు తప్పకుండా అది కాపాడుతుంది.

ప్రశ్న: ఉదయం పదిన్నరకు, వేరుశనగ తీసేసిన చేలో ఎగరవేశాం. రబ్బరు అయిపోయాక దిగుతుందనుకుంటే గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోయి కనిపించకుండా పోయింది. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?
— డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: వేడెక్కిన నేల నుంచి లేచిన గాలి దాన్ని ఎత్తుకుపోయింది. విమానం పోయినందుకు బాధగా ఉన్నా, అంత తేలికగా, అంత నిలకడగా కట్టగలిగినందుకు మిమ్మల్ని మనసారా అభినందిస్తున్నాను. ఇలాంటి గాలి నుంచి దింపడానికి తోక రెక్కను ముందు అంచు దగ్గర రబ్బరు బ్యాండుతో కట్టి, వెనక అంచును ఒక దారంతో కిందకు పట్టి ఉంచుతారు. అనుకున్న సమయానికి ఆ దారం వదిలితే తోక వెనక అంచు 40 డిగ్రీల పైన ఎత్తుకుంటుంది. రెక్క పట్టు కోల్పోయి, విమానం బోర్లా పడకుండా, నేలకు సమాంతరంగా, మెల్లగా కిందకు దిగుతుంది. దారాన్ని వదలడానికి మండే వత్తి వాడే అలవాటు పాతకాలం నుంచీ ఉంది గానీ, ఎండిన చేలల్లో దాన్ని నేను సిఫారసు చేయను. జిగట పదార్థంలో మెల్లగా తిరిగే చిన్న టైమర్లు దొరుకుతాయి, అవే వాడండి. పరీక్షగా ఎగరవేసేది సూర్యోదయం తరువాతి తొలి గంటలో అయితే గాలీ ఉండదు, ఈ ప్రమాదమూ ఉండదు.

ప్రశ్న: ఇక్కడ సైన్స్ ఒలింపియాడ్ అనే విద్యార్థుల సైన్స్ పోటీ కోసం మా అమ్మాయి వ్యాయామశాలలో ఎగిరే రబ్బరు విమానం కడుతోంది. నిండా చుడితే పైకప్పుకు తగిలి దూలాల్లో చిక్కుకుంటోంది. తక్కువ చుడితే త్వరగా దిగిపోతోంది.
— న్యూజెర్సీలో ఉంటున్న ఒక తండ్రి

జవాబు: తక్కువ చుట్టవద్దు, నిండా చుట్టి కొంత వెనక్కు విప్పమనండి. మొదట చెప్పిన రబ్బరు విసురంతా చివరి కొద్ది చుట్లలోనే దాగి ఉంటుంది. పూర్తిగా చుట్టి, వాటిలో కొన్నింటిని విప్పివేస్తే ఆ విసురు పోతుంది, ఎక్కువసేపు నిలిచే మధ్య భాగం దాదాపు మొత్తం మిగులుతుంది. గదిలో ఎగరవేసేవారు తిప్పే బలాన్ని కొలిచే, సన్నని తీగతో చేసిన టార్క్ మీటరును రబ్బరు కొసకు తగిలించి, పైకప్పుకు కొద్దిగా కిందే ఆగేంత బలం వచ్చేదాకా విప్పి, ఆ అంకెను రాసుకొని, ప్రతిసారీ అదే అంకె దగ్గర వదులుతారు. పైకప్పు ఎత్తు మారితే ఆ అంకె మారుతుంది. అందువల్ల పోటీ జరిగే హాలులో ముందుగా అనుమతి తీసుకొని ఒకటి రెండుసార్లు ఎగరవేయనిస్తే మంచిది. చుట్టిన చుట్లు, విప్పిన చుట్లు, వదిలినప్పటి బలం, చేరిన ఎత్తు, ఎగిరిన సమయం ఒకే వరుసలో రాసుకుంటూ పోతే, ఏ పొడవు రబ్బరు ఆ విమానానికి నప్పుతుందో ఆ అమ్మాయికే తెలుస్తుంది.